వేడర్: డ్రమ్స్ వెంట నడిచిన నలభై ఏళ్ల పోలండ్ డెత్ మెటల్

పోలండ్‌కు చెందిన వేడర్ డెత్ మెటల్ బృందం. హెవీ మెటల్‌లో అతి వేగంగా, బరువుగా, గరగర గొంతుతో సాగే శాఖ అది. వేడర్ పాటలన్నీ ఒకేలా ఉంటాయన్నది ఆ బృందంపై తరచుగా వినిపించే ఫిర్యాదు. అందులో కొంత నిజముంది. 1992 నాటి తొలి ఆల్బమ్ నుంచి ఒక పాట, 2020 నాటి ఆల్బమ్ నుంచి ఒక పాట పక్కపక్కన వినిపిస్తే, ఈ సంగీతంతో పెద్దగా పరిచయం లేనివారు కూడా రెండూ ఒకే బృందానివని పోల్చుకోగలరు. అదే గొంతు, అదే తరహా గిటారు రిఫ్‌లు (తిరిగి తిరిగి వచ్చే చిన్న స్వరవరుసలు), అదే ఉరుకు. అయితే ఈ ఫిర్యాదు చేసేవారు ఎక్కువగా గిటారునూ గొంతునూ విని తీర్పు చెబుతారు. వేడర్‌లో మార్పంతా డ్రమ్స్ దగ్గర జరిగింది. ఎవరు వాయించారు, ఏ స్టూడియోలో రికార్డు చేశారు, ఆ మోతకు మిగతా వాద్యాల మధ్య ఎంత చోటిచ్చారు అన్న మూడు ప్రశ్నలను వెంబడిస్తే ఈ బృందం నాలుగు దశాబ్దాల ప్రయాణం స్పష్టంగా అర్థమవుతుంది. పోలండ్‌లో డెత్ మెటల్ ఎలా నిలదొక్కుకున్నదో కూడా ఆ దారిలోనే తెలుస్తుంది.

వేడర్ పుట్టిన ఊరు ఓల్ష్టిన్. పోలండ్ ఈశాన్యాన, సరస్సుల ప్రాంతంలో ఉన్న నగరం. 1945 వరకు అది అలెన్‌స్టైన్ పేరుతో జర్మనీకి చెందిన తూర్పు ప్రష్యాలో ఉండేది. యుద్ధం తర్వాత పోలండ్ చేతికి వచ్చింది, జనాభా చాలావరకు మారిపోయింది. కమ్యూనిస్టు కాలంలో పెద్ద టైర్ల కర్మాగారం వెలిసింది. రాజధాని వార్సాకు గాని, మెటల్ సంగీతానికి బలమైన స్థావరంగా ఎదిగిన దక్షిణాది గనుల నగరం కతొవీత్సెకు గాని ఇది దగ్గర కాదు. 1983లో ఇక్కడ జ్బిగ్న్యెవ్ వ్రుబ్లెవ్‌స్కీ, ప్యోత్ర్ వివ్చారెక్ అనే ఇద్దరు యువకులు ఒక బృందం కట్టారు. మొదటివాడు వికా, రెండవవాడు పీటర్ అన్న పేర్లతో అభిమానులకు తెలుసు. ‘స్టార్ వార్స్’ సినిమాల్లోని నల్లముసుగు ప్రతినాయకుడు డార్త్ వేడర్ నుంచి పేరు తీసుకున్నారు. వికా కొన్నేళ్లకు తప్పుకున్నాడు. పీటర్ మాత్రం అప్పటి నుంచి ఇప్పటి వరకు బృందంలో ఉన్నాడు. మొదటి రోజు నుంచి నేటి దాకా కొనసాగుతున్న ఏకైక సభ్యుడు అతనే.

బృందం పుట్టిన 1983కు పోలండ్ చరిత్రలో ప్రత్యేకత ఉంది. 1981 డిసెంబర్ 13న జనరల్ యారుజెల్‌స్కీ ప్రభుత్వం విధించిన సైనిక పాలన 1983 జూలై 22న ముగిసింది. దుకాణాల్లో సరుకు లేదు, పత్రికల మీద సెన్సారు ఉంది. అయినా రాక్ సంగీతానికి ఆశ్చర్యకరంగా చోటు దొరికింది. యారోచిన్ పట్టణంలో ఏటా జరిగే ఉత్సవానికి దేశం నలుమూలల నుంచి యువత వచ్చేది. టీఎస్ఏ, తుర్బో, కాత్ లాంటి బృందాలు పోలిష్ భాషలోనే హెవీ మెటల్ పాడి పేరు తెచ్చుకున్నాయి. పాశ్చాత్య దేశాల రికార్డులు కొనాలంటే విదేశీ కరెన్సీ కావాలి, లేదా ఎవరైనా తెచ్చిపెట్టాలి. ప్రభుత్వ రేడియో కొన్ని కార్యక్రమాల్లో విదేశీ ఆల్బమ్‌లను ఆసాంతం వినిపించేది. శ్రోతలు క్యాసెట్ రికార్డర్లు సిద్ధంగా పెట్టుకుని ఎక్కించుకునేవారు. ఒక క్యాసెట్ నుంచి మరొకటి, దాని నుంచి ఇంకొకటి. ఓల్ష్టిన్ కుర్రాళ్ల సంగీత విద్య ఇలాగే సాగింది.

మొదట్లో వేడర్ వాయించింది డెత్ మెటల్ కాదు. అప్పటికి ఆ మాటే సరిగా స్థిరపడలేదు. జూడాస్ ప్రీస్ట్ బాణీలో సాంప్రదాయ హెవీ మెటల్‌తో మొదలుపెట్టి, అమెరికా నుంచి స్లేయర్, జర్మనీ నుంచి క్రియేటర్, సోడమ్ రికార్డులు చేతులు మారుతూ వచ్చేకొద్దీ వేగం పెంచుకుంటూ పోయారు. 1986లో వచ్చిన ‘లైవ్ ఇన్ డికే’ డెమోలో, అంటే ఆల్బమ్‌కు ముందు చేసే నమూనా రికార్డింగ్‌లో, ఆ మధ్యస్థ దశ వినిపిస్తుంది. హెవీ మెటల్‌లో వేగమైన శాఖ అయిన థ్రాష్ మెటల్ వైపు ఒక అడుగు పడింది, రెండో అడుగు ఇంకా పాత చోటే ఉంది. సభ్యులు వస్తూ పోతూ ఉన్నారు, గాయకులు మారారు. చివరికి మైకు ముందుకు పీటరే వచ్చాడు.

1988లో క్షిష్తోఫ్ రాచ్‌కోవ్‌స్కీ వచ్చి చేరాడు. అందరూ పిలిచే పేరు డాక్. అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండని ఈ డ్రమ్మర్ రాకతో వేడర్ అసలు రూపం తేలింది. మరుసటి ఏడాది వచ్చిన ‘నెక్రోలస్ట్’ డెమో నుంచి ఈ బృందం లెక్క వేరు.

ఎందుకో తెలియాలంటే డ్రమ్స్ గురించి కాస్త చెప్పుకోవాలి. థ్రాష్ మెటల్‌లో డ్రమ్మర్ సాధారణంగా ఉరికే తాళం వేస్తాడు. కాలితో కొట్టే కిక్ డ్రమ్, కర్రతో కొట్టే చిన్న డ్రమ్ స్నేర్ ఒకదాని తర్వాత ఒకటి వేగంగా పడతాయి గాని, వాటి మధ్య ఎడం చెవికి తెలుస్తుంది. అందుకే తల ఆడించడానికి వీలుంటుంది. డెత్ మెటల్‌లోకి వచ్చిన బ్లాస్ట్ బీట్‌లో ఆ ఎడం దాదాపు మాయమవుతుంది. స్నేరూ కిక్కూ ఎడతెగకుండా కురుస్తాయి, లయ ఒక తెరలా పరుచుకుంటుంది. గిటారు రిఫ్ ఆ తెర మీద నెమ్మదిగా కదులుతున్నట్టు కూడా అనిపించవచ్చు. చాలా డెత్ మెటల్ బృందాలు ఈ రెండవ పద్ధతికి మారినప్పుడు రిఫ్‌లనూ అందుకు తగినట్టు మార్చాయి. స్వరాలు మందంగా, బురదగా, తెగకుండా సాగేలా కట్టాయి. పీటర్ ఆ పని చేయలేదు. అతని రిఫ్‌లు స్లేయర్ దగ్గర నేర్చుకున్న పొట్టి, పదునైన థ్రాష్ రిఫ్‌లే. వాటి కింద డాక్ బ్లాస్ట్ బీట్ వేశాడు. థ్రాష్ అస్థిపంజరం, డెత్ మెటల్ గుండెవేగం. వేడర్ శైలి మొత్తం ఈ కలయిక మీదే నిలబడింది.

1990లో వచ్చిన ‘మోర్బిడ్ రైక్’ డెమో ఈ శైలికి తొలి పూర్తి రూపం. రికార్డింగ్ నాణ్యత కూడా అప్పటి డెమోల స్థాయికి ఎంతో మిన్న. మారియుష్ క్మ్యోవెక్ నడిపిన కార్నేజ్ రికార్డ్స్ దీన్ని క్యాసెట్‌గా తెచ్చింది. మెటల్ శ్రోతల కోసం ‘థ్రాషెమ్ ఆల్’ పత్రికను నడిపిందీ, తర్వాత చాలాకాలం వేడర్ మేనేజరుగా వ్యవహరించిందీ ఆయనే. ఈ డెమో సుమారు 10,000 ప్రతులు అమ్ముడైందని చెబుతారు. రికార్డు సంస్థతో ఒప్పందం కూడా లేని ఒక బృందం డెమోకు ఇది అసాధారణమైన అంకె. కాలం కలిసివచ్చింది. 1989 జూన్ ఎన్నికలతో కమ్యూనిస్టు పాలన కూలింది, 1990 జనవరి నుంచి మార్కెట్ సంస్కరణలు మొదలయ్యాయి, ఎవరైనా క్యాసెట్ అచ్చువేసి అమ్ముకోగల పరిస్థితి వచ్చింది. అయితే ఆ స్వేచ్ఛలో ఇబ్బందీ ఉంది. 1994లో కొత్త కాపీరైటు చట్టం వచ్చే వరకు పోలండ్ బజార్లు అనుమతి లేని క్యాసెట్లతో నిండి ఉండేవి. ఆ రోజుల్లో ఒక బృందానికి దేశమంతా పేరు రావచ్చు గాని డబ్బు రాదు. అందుకే వేడర్ చూపు బయటి దేశాల మీద పడింది.

బయటి నుంచి పిలుపు ఇంగ్లండ్ రూపంలో వచ్చింది. నాటింగమ్ కేంద్రంగా నడిచే ఇయరేక్ రికార్డ్స్ అప్పట్లో ఈ తరహా సంగీతానికి ప్రపంచంలోనే ముందు వరుసలో ఉన్న సంస్థ. నేపామ్ డెత్, మోర్బిడ్ ఏంజెల్, కార్కస్, ఎన్‌టూమ్డ్ అందరూ దాని నీడలోనే ఎదిగారు. తూర్పు యూరప్ నుంచి ఒక డెత్ మెటల్ బృందాన్ని అది తీసుకోవడం పెద్ద వార్త. తొలి ఆల్బమ్ కోసం వేడర్‌ను స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోకు పంపారు. ఎన్‌టూమ్డ్, డిస్మెంబర్ ఆల్బమ్‌లతో స్వీడన్ డెత్ మెటల్‌కు ప్రత్యేకమైన ధ్వని తెచ్చిన తోమస్ స్కోగ్స్‌బెర్గ్ స్టూడియో అది. ఫలితం బృందానికి నచ్చలేదు. ఆ రికార్డింగ్‌ను పక్కనపెట్టి ఇంగ్లండ్‌లోని రిథమ్ స్టూడియోలో మొత్తం ఆల్బమ్‌ను మళ్లీ వాయించారు. అలా ‘ది అల్టిమేట్ ఇన్‌కాంటేషన్’ 1992 చివర్లో వెలువడింది.

ఈ ఉదంతాన్ని చాలామంది ఒక చిన్న విశేషంగా చెప్పి ఊరుకుంటారు. నిజానికి వేడర్ స్వభావం తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం లేదు. సన్‌లైట్ ధ్వనిలో గిటారే రాజు. రంపం కోసినట్టుండే ఆ గిటారు మోత ముందుకు వచ్చి నిలబడితే మిగతావన్నీ దాని వెనుక సర్దుకోవాలి. ఎన్‌టూమ్డ్‌కు అది సరిగ్గా సరిపోయింది, వాళ్ల రిఫ్‌లు ఆ మోత కోసమే పుట్టినవి. వేడర్ పాటలో అర్థం మోసేది డ్రమ్స్. రిఫ్ పొట్టిది, పాట పొట్టిది, మలుపులన్నీ డాక్ చేతుల్లో కాళ్లలో ఉన్నాయి. స్నేర్ ప్రతి దెబ్బా విడిగా వినిపించకపోతే ఆ పాటలకు ఆకారమే ఉండదు. ఇతరులకు పేరు తెచ్చిన ధ్వని తమకు పనికిరాదని ఒక కొత్త బృందం, తొలి ఒప్పందం చేతికి వచ్చిన వేళ తేల్చుకోవడం మామూలు సంగతి కాదు.

ఆల్బమ్‌లోని ‘డార్క్ ఏజ్’ పాటకు తీసిన వీడియో ఎంటీవీ మెటల్ కార్యక్రమం ‘హెడ్‌బ్యాంగర్స్ బాల్’లో ప్రసారమైంది. బోల్ట్ థ్రోవర్, గ్రేవ్ బృందాలతో కలిసి యూరప్ పర్యటన జరిగింది. కాని ఇయరేక్‌తో బంధం ఒక్క ఆల్బమ్‌తోనే ముగిసింది. డెత్ మెటల్ మీద పాశ్చాత్య సంస్థల మోజు కూడా ఆ ఏళ్లలోనే తగ్గుముఖం పట్టింది.

స్వదేశానికి తిరిగి రావడం అప్పట్లో ఓటమిలా కనిపించి ఉండవచ్చు. సంగీతపరంగా చూస్తే వేడర్‌కు జరిగిన మంచి అదే. 1994లో ‘సోథిస్’ అనే చిన్న రికార్డు, 1995లో ‘డి ప్రొఫుండిస్’ ఆల్బమ్ పోలండ్‌లోనే విడుదలయ్యాయి. ఆల్బమ్‌ను బాల్టిక్ తీరంలోని గ్దీన్యా నగరంలో, మోడర్న్ సౌండ్ స్టూడియోలో రికార్డు చేశారు. వేడర్ తీసుకొచ్చిన ఆల్బమ్‌లలో ఇదే అత్యుత్తమమని అనేవారు చాలామంది, ఆ మాటతో విభేదించడం కష్టం.

తొలి ఆల్బమ్‌లో ఆత్రం ఎక్కువ. పాటల్లో భాగాలు ఎక్కువ, తెలిసినదంతా చూపించాలన్న తపన ఎక్కువ. ‘డి ప్రొఫుండిస్’లో అదంతా తీసేశారు. ‘సైలెంట్ ఎంపైర్’ మొదలవగానే ఆ తేడా చెవిన పడుతుంది. ఒక్కో రిఫ్‌కు చోటుంది. డాక్ బ్లాస్ట్ బీట్ నుంచి డబుల్ బాస్‌కు (రెండు కాళ్లతో వరుసగా కొట్టే కిక్ డ్రమ్ మోతకు), అక్కడి నుంచి థ్రాష్ ఉరుకుకు మారే ప్రతి చోటా పాటకు ఒక కొత్త వాక్యం మొదలవుతుంది. ఒకే రిఫ్ నడుస్తుండగా కింద తాళం మాత్రం మారుతుంది, అంతటితో ఆ రిఫ్ అర్థమే మారిపోతుంది. ‘సోథిస్’ పాట ఇంకో విద్య చూపిస్తుంది. నెమ్మదిగా, బరువుగా నడిచే ఈ పాటలో వేగం లేకపోయినా భయపెట్టగల పట్టు వేడర్‌కు ఉందని తేలింది. ఆల్బమ్ మొత్తం అరగంటకు కాస్త ఎక్కువ. ఎక్కడా ఒక్క నిమిషం వృథా కాదు.

పాటల్లోని మాటలు కూడా ఈ దశలో ఒక తీరుకు వచ్చాయి. నాటి డెత్ మెటల్‌లో సాధారణమైన శవాల వర్ణనల జోలికి వేడర్ పెద్దగా పోలేదు. ప్రాచీన మెసొపొటేమియా పురాణాలు, మంత్రతంత్రాలు, అమెరికా భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ ఊహించిన విశ్వాంతర దేవతలు వారి సామగ్రి. ‘బ్లడ్ ఆఫ్ కింగు’ పాట పేరులోని కింగు బాబిలోనియా సృష్టి గాథలోని పాత్ర. ఆ గాథ ప్రకారం అతని నెత్తురుతోనే మనుషులు తయారయ్యారు. ఇంగ్లీషులో రాసినా, పీటర్ పాడే తీరు వల్ల చాలా మాటలు అర్థమవుతాయి. డెత్ మెటల్‌లో ఇది అరుదు. అతని గొంతు లోతుగా గరగరలాడుతుంది గాని గొంతులోనే ఉండిపోదు. ఆజ్ఞ ఇస్తున్నట్టు బయటికి దూకుతుంది. అక్షరాలు తెగి పడతాయి, ఒక్కో అక్షరం స్నేర్ దెబ్బతో కలుస్తుంది. వేడర్‌లో గొంతు కూడా ఒక రకంగా తాళవాద్యమే.

1996లో వచ్చిన ‘ఫ్యూచర్ ఆఫ్ ద పాస్ట్’ పూర్తిగా ఇతరుల పాటల ఆల్బమ్. ఇలాంటివి చాలా బృందాలు కాలక్షేపంగా చేస్తాయి. దీన్ని మాత్రం వేడర్ వంశవృక్షంగా వినవచ్చు. సోడమ్, క్రియేటర్, సెల్టిక్ ఫ్రాస్ట్, పొసెస్డ్, డార్క్ ఏంజెల్, టెర్రరైజర్, స్లేయర్, బ్లాక్ సబ్బాత్. క్యాసెట్ల మీద క్యాసెట్లు ఎక్కించుకున్న రోజుల జాబితా ఇది. వీరి మధ్య బ్రిటిష్ ఎలక్ట్రానిక్ బృందం డెపెష్ మోడ్ పాట ‘ఐ ఫీల్ యూ’ కూడా ఉంది. వినడానికి విడ్డూరంగా తోచినా, డెపెష్ మోడ్‌కు పోలండ్‌లో ఎనభైల నుంచీ విపరీతమైన ఆదరణ ఉంది. ఆ తరం పోలిష్ యువకుల ఇళ్లలో ఆ రెండు రకాల క్యాసెట్లూ పక్కపక్కనే ఉండటంలో వింతేమీ లేదు.

తర్వాత రెండు ఆల్బమ్‌లు కుదింపులో ఇంకా ముందుకు వెళ్లాయి. 1997 నాటి ‘బ్లాక్ టు ద బ్లైండ్’, 2000 నాటి ‘లిటనీ’ రెండూ సుమారు అరగంటవే. ఈ మధ్యలో మౌరిత్సీ స్తెఫనోవిచ్, అంటే మౌజర్, గిటారిస్టుగా చేరి పీటర్‌కు పదేళ్లకు పైగా కుడి భుజమయ్యాడు. 1998లో టోక్యోలో వాయించిన కచేరీ ‘లైవ్ ఇన్ జపాన్’ పేరుతో విడుదలైంది. అంతకు పదేళ్ల ముందు ఒక విదేశీ రికార్డు దొరకడమే గగనమైన బృందానికి అది సామాన్యమైన మజిలీ కాదు.

‘లిటనీ’ దగ్గర ఆగవలసిందే. అమెరికా సంస్థ మెటల్ బ్లేడ్ ద్వారా ప్రపంచమంతటికీ వెళ్లిన ఈ ఆల్బమ్‌ను గ్దాన్స్క్‌లోని రెడ్ స్టూడియోలో ప్యోత్ర్ వుకాషెవ్‌స్కీ చేతుల మీదుగా రికార్డు చేశారు. మొదటి పాట ‘వింగ్స్’ మొదలవగానే శ్రోత మీద పడేది డబుల్ బాస్ డ్రమ్. గిటార్ల కంటే ముందు, కొన్ని చోట్ల గొంతు కంటే ముందు. ఆ కిక్ డ్రమ్ మోత మరీ ఎక్కువైందని, యంత్రంలా ఉందని ఇప్పటికీ వాదనలు నడుస్తుంటాయి. ఆ విమర్శకు ఆధారం లేకపోలేదు, గిటారులోని సూక్ష్మాలు కొన్ని నిజంగానే మునిగిపోయాయి. కాని వేడర్ సంగీతంలో మొదటి నుంచీ ఉన్న నిజాన్ని ఈ ఆల్బమ్ దాచకుండా బయటపెట్టింది. సన్‌లైట్ స్టూడియోలో గిటారు రాజ్యాన్ని కాదన్న బృందం, ఎనిమిదేళ్ల తర్వాత తన ఊరికి చేరువలోని స్టూడియోలో డ్రమ్స్‌ను సింహాసనం మీద కూర్చోబెట్టింది. డాక్ ఎంత దూరం పోగలడో తెలియాలంటే ‘లిటనీ’ వినాలి, డాక్ ఎంత అందంగా వాయించగలడో తెలియాలంటే ‘డి ప్రొఫుండిస్’ వినాలి.

2002లో వచ్చిన ‘రెవలేషన్స్’ వీటి తర్వాత కాస్త విశ్రాంతి తీసుకున్నట్టుంటుంది. ‘ఎపిటాఫ్’ లాంటి మంచి పాటలు ఉన్నాయి, ఆశ్చర్యాలు తక్కువ.

ఆ తర్వాత జరిగింది విషాదం. 2004లో ‘ది బీస్ట్’ ఆల్బమ్‌కు సిద్ధమవుతున్న సమయంలో డాక్ మెట్ల మీద నుంచి పడి గాయపడ్డాడు. అతని స్థానంలో దరాయ్‌గా పేరున్న దారియుష్ బ్జొజొవ్‌స్కీ ఆల్బమ్ వాయించాడు. డాక్ మళ్లీ వేడర్‌తో రికార్డు చేయలేదు. 2005 ఆగస్టు 18న, 34 ఏళ్ల వయసులో మరణించాడు. పదిహేనేళ్లకు పైగా పీటర్ రిఫ్‌లకు ప్రాణం పోసింది అతనే. పోలండ్‌లో డెత్ మెటల్ డ్రమ్మింగ్ నేర్చుకున్న తర్వాతి తరం అంతా ఏదో ఒక మేరకు అతనికి రుణపడి ఉంది.

డ్రమ్మర్ మారితే వేడర్ ఎంతగా మారుతుందో ‘ది బీస్ట్’ చూపిస్తుంది. ఆ ఆల్బమ్ నెమ్మదిగా, మధ్యస్థ వేగంలో, దాదాపు పాత హెవీ మెటల్ వైపు వాలి ఉంటుంది. చాలామంది అభిమానులకు అది రుచించలేదు. దాని మీద వచ్చిన విసుగు కొంత అన్యాయమైనది, ఎందుకంటే అది హడావుడిగా కుదుర్చుకున్న కొత్త జోడీ ఆల్బమ్. దరాయ్ అసలు సత్తా రెండేళ్లకు, 2006లో వచ్చిన ‘ఇంప్రెషన్స్ ఇన్ బ్లడ్’లో తెలిసింది. దీన్ని బియావిస్తొక్‌లో, వ్యెస్వావ్‌స్కీ సోదరులు నడిపే హెర్ట్స్ స్టూడియోలో రికార్డు చేశారు. దరాయ్ వాయించే తీరు వేరు. డాక్ తాళానికి వెంట్రుకవాసి ముందు పరిగెత్తుతున్నట్టు ఉండేవాడు, పాట ఏ క్షణాన చేజారుతుందో అన్న ఉత్కంఠ ఉండేది. దరాయ్ కచ్చితత్వం గడియారం లాంటిది. బృందం కూడా దానికి తగ్గట్టు ఆర్కెస్ట్రా పరిచయ సంగీతాలు, పెద్ద పెద్ద దృశ్యాల వంటి పాటలు కట్టింది. ‘హెలెలూయా’, ‘షాడోఫియర్’ ఆ దశకు మంచి ఉదాహరణలు. 2007లో పోలిష్ వీడియో గేమ్ ‘ది విచర్’ కోసం ‘స్వోర్డ్ ఆఫ్ ద విచర్’ పాట చేయడంతో మెటల్ వినని యువతకూ వేడర్ పేరు చేరింది.

2008లో, పాతికేళ్ల సందర్భంగా పాత పాటలను కొత్తగా వాయించి ‘ఎక్స్ఎక్స్‌వీ’ పేరుతో విడుదల చేసిన ఏడాదే, మౌజర్, దరాయ్, బేసిస్టు నోవీ ముగ్గురూ తప్పుకున్నారు. పీటర్ ఒక్కడే మిగిలాడు. మరుసటి సంవత్సరం ‘నెక్రోపొలిస్’ ఆల్బమ్‌లో గిటార్లు, బాస్ గిటార్, గొంతు అన్నీ అతనే, డ్రమ్స్ మాత్రం పావెవ్ యరోషెవిచ్. బృందాన్ని బతికించినందుకు గౌరవించవలసిన ఆల్బమ్ అది. పాటలుగా మాత్రం చాలావరకు గుర్తుండవు. ఇద్దరు గిటారిస్టులు ఒకరినొకరు కోసుకుంటూ వాయించే ఒరిపిడి అందులో లేదు.

ఈ పతనం నుంచి లేచిన తీరు మెచ్చుకోదగినది. మారెక్ పాయోంక్ అనే స్పైడర్ గిటారిస్టుగా కుదిరాడు. 2011లో వచ్చిన ‘వెల్‌కమ్ టు ద మోర్బిడ్ రైక్’ పేరులోనే 1990 డెమోను గుర్తుచేస్తుంది. పాత రోజుల ‘డికాపిటేటెడ్ సెయింట్స్’ పాటను అందులో మళ్లీ వాయించారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌కు చెందిన జేమ్స్ స్టూవర్ట్ డ్రమ్మర్‌గా వచ్చాడు. 2014 నాటి ‘తీబి ఎత్ ఇగ్ని’, 2016 నాటి ‘ది ఎంపైర్’ అతని చేతుల మీదుగా వచ్చాయి. మొదటిదానిలో ఆర్కెస్ట్రా ఛాయలు, బ్లాస్ట్ బీట్, నడకపాటల బరువు మూడూ కుదురుగా ఉన్నాయి. రెండవదానిలో థ్రాష్, హెవీ మెటల్ పాళ్లు పెరిగాయి. ‘ఏంజెల్స్ ఆఫ్ స్టీల్’ లాంటి పాట ఎనభైల ఆరంభానికి నేరుగా నమస్కరిస్తుంది. వయసు పెరిగేకొద్దీ పీటర్ తన మొదటి ప్రేమ వైపు తిరుగుతున్నాడనిపిస్తుంది.

అయితే 2020 మే నెలలో వచ్చిన ‘సాలిట్యూడ్ ఇన్ మ్యాడ్‌నెస్’ ఆ ఊహను తలకిందులు చేసింది. మళ్లీ సుమారు అరగంట. మళ్లీ ఒళ్లు తెలియని వేగం. ఈసారి హెర్ట్స్ స్టూడియోను వదిలి ఇంగ్లండ్‌లో స్కాట్ ఆట్కిన్స్ దగ్గర రికార్డు చేశారు. డ్రమ్స్ ధ్వని పొడిగా, సహజంగా, తోలు మీద కర్ర పడినట్టుగా ఉంటుంది. మొదటి పాట ‘షాక్ అండ్ ఆ’ నుంచి చివరి వరకు ఊపిరి సలపని ఆల్బమ్. మధ్యలో తమ దేశానికే చెందిన థ్రాష్ బృందం ఆసిడ్ డ్రింకర్స్ పాట ఒకటి కూడా వాయించారు. ముప్పై ఏడేళ్ల వయసున్న బృందం ఇంత కసిగా వాయించడం లోకంలో అరుదు. కరోనా మహమ్మారి వల్ల కచేరీలు ఆగిపోయిన రోజుల్లో విడుదల కావడంతో దానికి దక్కవలసిన వేదికలు వెంటనే దక్కలేదు.

వేడర్ ప్రభావాన్ని పాటల్లో వెతకడం కంటే, అది తన చుట్టూ పెరగనిచ్చిన వ్యవస్థలో వెతకడం మేలు. ఇంటికి తిరిగి వచ్చిన వేడర్ గ్దీన్యాలో, గ్దాన్స్క్‌లో, తర్వాత బియావిస్తొక్‌లో రికార్డు చేసింది. ఆ క్రమంలో ఈ వేగాన్ని ఎలా పట్టుకోవాలో పోలిష్ సౌండ్ ఇంజనీర్లు నేర్చుకున్నారు. తర్వాతివారు విదేశాలకు పరుగెత్తవలసిన అవసరం లేకుండా పోయింది. దక్షిణాది చిన్న పట్టణం క్రోస్నోలో ఇంకా బడి వయసులో ఉన్న కుర్రాళ్లు 1996లో డికాపిటేటెడ్ అనే బృందం కట్టారు. ఆ పేరు విన్నవారికి వేడర్ పాట ‘డికాపిటేటెడ్ సెయింట్స్’ గుర్తురాక మానదు. 2000లో వచ్చిన వారి తొలి ఆల్బమ్ ‘విండ్స్ ఆఫ్ క్రియేషన్’ నిర్మాత పీటరే. 2006 నాటి ‘ఆర్గానిక్ హాలూసినోసిస్’ హెర్ట్స్ స్టూడియోలోనే పుట్టింది. వారి డ్రమ్మర్ విటెక్, డాక్ తెరిచిన దారిలో నడిచి అందులోంచి తనదైన కొత్త దారి తీశాడు. 2007లో పర్యటనలో జరిగిన రోడ్డు ప్రమాదం తర్వాత అతనూ కన్నుమూశాడు. పోలండ్ ఈ సంగీతంలో ఇద్దరు గొప్ప డ్రమ్మర్లను రెండేళ్లకు కాస్త పైబడిన వ్యవధిలో పోగొట్టుకుంది. గ్దాన్స్క్‌కు చెందిన బెహిమత్ బ్లాక్ మెటల్‌తో మొదలై తొంభైల చివర డెత్ మెటల్ వైపు మళ్లేనాటికి, ఆ సంగీతానికి పోలండ్‌లో స్టూడియోలు, పత్రికలు, పర్యటన దారులు, శ్రోతలు సిద్ధంగా ఉన్నారు. వాటిని సిద్ధం చేసినవారిలో వేడర్‌ది మొదటి వరుస.

పాటలు ఒకేలా ఉంటాయన్న వాదనను పరీక్షించడానికి వేడరే ఒక సాధనం ఇచ్చింది. 2017లో తొలి ఆల్బమ్‌ను మొత్తంగా మళ్లీ వాయించి ‘డార్క్ ఏజ్’ పేరుతో విడుదల చేశారు. అవే పాటలు, అవే రిఫ్‌లు, అదే గొంతు. మారింది పాతికేళ్ల కాలం, డ్రమ్స్ వెనుక మనిషి, రికార్డింగ్ విధానం. స్టూవర్ట్ చేతిలో ప్రతి దెబ్బా సరిసమానంగా, స్పష్టంగా పడుతుంది. 1992 నాటి రికార్డులో తొక్కిసలాటలా వినిపించిన చోట్ల ఇప్పుడు నిర్మాణం కనిపిస్తుంది. ఆ పాటలు ఎంత తెలివిగా కట్టినవో కొత్త రికార్డు వల్లే తెలుస్తుంది. కాని పాతదానిలో డాక్ ప్రతి మలుపునూ కాస్త ముందే అందుకుని పాటను తోసుకుపోతాడు, ఆ తోపు కొత్తదానిలో లేదు. రెంటినీ ఒకదాని వెంట ఒకటి వింటే, రెండు వేర్వేరు బృందాలు ఒకే కూర్పును వాయించినట్టే ఉంటుంది. వేడర్‌ను కొత్తగా వినాలనుకునేవారు ‘డి ప్రొఫుండిస్’తో మొదలుపెట్టి, ‘లిటనీ’, ‘ఇంప్రెషన్స్ ఇన్ బ్లడ్’, ‘సాలిట్యూడ్ ఇన్ మ్యాడ్‌నెస్’ వరుసలో వెళ్లవచ్చు. మొదటిసారి గిటారును వదిలేసి, స్నేర్ ఎక్కడ పడుతోందో దాన్నే వింటూ పోవాలి.